అన్నవాహిక క్యాన్సర్: విదేశీ క్లినిక్‌లో ఆపరేషన్ చేయించుకోవాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే జబ్బు గురించి, దాదాపు ఒకే సందేహంతో వచ్చాయి. అందుకని ఈసారి శీర్షికను వాటికే కేటాయిస్తున్నాం. సమాధానాలు ఇస్తున్నది జీర్ణవ్యవస్థ క్యాన్సర్లకు ఆపరేషన్లు చేసే శస్త్రవైద్యుడు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 63 ఏళ్లు. హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. సంక్రాంతికి గారె ముక్క గొంతు దిగకపోతే గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకున్నాను. ఉగాది నాటికి మెత్తగా పిసికిన పెరుగన్నం కూడా నీళ్లు తాగితే తప్ప దిగడం లేదు. తొమ్మిది కిలోలు తగ్గాను. హైదరాబాదులో ఎండోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షకు పంపితే అన్నవాహిక మధ్యభాగంలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే రకం క్యాన్సర్ అని తేలింది. పెట్ స్కాన్‌లో పక్కనున్న రెండు లింఫ్ గ్రంథుల్లో తప్ప ఇంకెక్కడా కనిపించలేదన్నారు. ఇక్కడి డాక్టర్లు ముందు ఐదు వారాలు కీమో, కరెంటు కలిపి పెట్టి ఆ తర్వాత ఆపరేషన్ చేస్తామంటున్నారు. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అక్కడి ఒక ప్రైవేట్ క్లినిక్‌తో ఏజెంటు ద్వారా మాట్లాడాడు. డబ్బు కడితే రెండు వారాల్లో రోబోతో ఆపరేషన్ చేసి, పది రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారట. పొలం అమ్మైనా సరే వెళ్లమని ఇంట్లో అందరూ పట్టుబడుతున్నారు. నాకు పాలుపోవడం లేదు. – ఒక పాఠకుడు, జనగామ జిల్లా

జవాబు: మాస్టారూ, జర్మనీ సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందుగా ఆ క్లినిక్ వారు చెప్పిన ‘రెండు వారాల్లో ఆపరేషన్’ అన్న మాటను చూద్దాం. మీరు రాసిన వివరాలను బట్టి మీ గడ్డ అన్నవాహిక గోడలోకి దిగి, పక్కనున్న గ్రంథులను తాకింది కానీ కాలేయానికో ఊపిరితిత్తులకో పాకలేదు. ఈ దశలో మందు ఊసే లేకుండా నేరుగా కోతకు దిగడం ఇప్పుడు మంచి క్యాన్సర్ కేంద్రాలు పాటించే పద్ధతి కాదు. నెదర్లాండ్స్‌లో 366 మంది రోగులపై జరిగిన ‘క్రాస్’ అనే అధ్యయనం 2012లో వెలువడింది. వారిలో సగం మందికి నేరుగా ఆపరేషన్ చేశారు. మిగతా సగం మందికి ఐదు వారాలపాటు వారానికోసారి పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ మందులు, వాటితోపాటు 23 విడతల రేడియేషన్ ఇచ్చి, కొన్ని వారాలు ఆగి ఆపరేషన్ చేశారు. మొదటి వర్గంలో సగం మంది 24 నెలలకు మించి బతికితే, రెండో వర్గంలో సగం మంది 49 నెలలకు మించి బతికారు. మీకున్న స్క్వామస్ రకాన్ని విడిగా చూస్తే ఆ తేడా ఇంకా పెద్దది: 21 నెలలకు ఎదురుగా దాదాపు 82 నెలలు. అంతేకాదు, ఈ రకం రోగుల్లో సుమారు సగం మందికి, ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని సూక్ష్మదర్శిని కింద వెతికినా బతికున్న క్యాన్సర్ కణం ఒక్కటీ దొరకలేదు. హైదరాబాదు డాక్టర్లు మీకు చెప్పిన ‘ఐదు వారాల కీమో, కరెంటు’ ఇదే. జపాన్ వారు రేడియేషన్ లేకుండా మూడు మందుల కీమో ఇచ్చి ఆపరేషన్ చేసే దారిని ఎంచుకున్నారు. అక్కడ కూడా మందు ముందు, కత్తి తర్వాత.

మీ రిపోర్టులన్నీ చూశాక కూడా ముందు చికిత్స మాటెత్తకుండా క్లినిక్ వారు తేదీ ఇచ్చారంటే, ఆ తేదీ మీ జబ్బును చూసి ఇచ్చినది కాదని, మీ అబ్బాయి కట్టబోయే అడ్వాన్సును చూసి ఇచ్చినదని నా అనుమానం. ఏజెంటు అసలు రిపోర్టులు పంపలేదేమో కూడా కనుక్కోండి. అలా జరగడం నేను చూశాను.

ఇక ఆపరేషన్ గురించి. పిత్తాశయం తీసేసినట్టో, హెర్నియా సరిచేసినట్టో అయిపోయే పని కాదిది. ముందు పొట్టలోకి వెళ్లి జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా మలచాలి. తర్వాత ఛాతీలోకి వెళ్లి, ఒక ఊపిరితిత్తిని కాసేపు ముడిచి ఉంచి, గుండెకూ శ్వాసనాళానికీ వెనకగా సాగే అన్నవాహికను చుట్టూ ఉన్న గ్రంథులతో సహా విడదీసి తీసేయాలి. ఆ తర్వాత కింద మలచిన గొట్టాన్ని పైకి లాగి, మిగిలిన అన్నవాహిక కొసకు కలిపి కుట్టాలి. ఆ అతుకు ఛాతీలో వేస్తే ఐవర్ లూయిస్ పద్ధతి అంటారు. వేల్స్‌కు చెందిన ఐవర్ లూయిస్ అనే సర్జన్ దీన్ని 1946లో వివరించాడు. మెడలో వేస్తే మెక్యూన్ పద్ధతి. రోబోతో చేసినా, కీహోల్ పరికరాలతో చేసినా, ఛాతీ తెరిచి చేసినా లోపల జరిగే పని ఇదే. చిన్న కోతలతో చేస్తే నొప్పి, న్యుమోనియా తగ్గుతాయన్నది నిజమే కానీ, రోబో ఉన్నంత మాత్రాన అతుకు గట్టిగా నిలుస్తుందని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఈ ఆపరేషన్‌లో ప్రాణం నిలబడేదీ పోయేదీ ఎక్కువగా ఆ అతుకు దగ్గరే. 14 దేశాల్లో ఈ పనిలో చేయి తిరిగిన 24 ఆసుపత్రులు కలిసి, 2015, 2016 సంవత్సరాల్లో చేసిన 2,704 ఆపరేషన్ల ఫలితాలను దాచకుండా ప్రకటించాయి. నూటికి 59 మందికి చిన్నదో పెద్దదో ఏదో ఒక చిక్కు వచ్చింది. నూటికి 11 మందికి అతుకు లీకయింది, దాదాపు 15 మందికి న్యుమోనియా వచ్చింది, 90 రోజుల్లోపు 4.5 శాతం మంది మరణించారు. ఇవి ఆరితేరిన ఆసుపత్రుల లెక్కలు. అంటే లీకు రాకుండా చూసుకోవడం ఎంత ముఖ్యమో, వచ్చినప్పుడు వెంటనే పసిగట్టడమూ అంతే ముఖ్యం. అది ఎలా ఉంటుందో చెబుతాను. ఆరో రోజు రాత్రి రోగి కాస్త చిరాగ్గా ఉంటాడు. నాడి పొద్దున 88 ఉన్నది 114కి చేరుతుంది. జ్వరం ఉండదు, కుట్లు శుభ్రంగా ఉంటాయి, అడిగితే ‘బాగానే ఉన్నాను సార్’ అంటాడు. ఇలాంటి రోగులను వందమందిని చూసిన నర్సు రాత్రి రెండింటికి డాక్టరును లేపుతుంది. ఆయన తెల్లవారే వరకు ఆగకుండా స్కాన్ తీయిస్తాడు. స్కాన్‌లో లీకు కనిపిస్తే ఎండోస్కోపీ చేసేవాళ్లు, సూదితో చీము తీసే రేడియాలజిస్టు, ఐసీయూ మంచం అన్నీ అదే భవనంలో ఉంటాయి. ఏడాదికి మూడో నాలుగో ఇలాంటి ఆపరేషన్లు చేసే చోట అదే నాడిని ‘నొప్పి వల్లనేమో’ అనుకుని రాసుకుంటారు. మూడో రోజుకు ఛాతీ నిండా చీము పడుతుంది.

అందుకే ఈ ఆపరేషన్ విషయంలో దేశం పేరు కన్నా ఏడాదికి ఎన్ని చేస్తారన్న అంకె ముఖ్యం. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా రికార్డుల ఆధారంగా 2002లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, ఈ ఆపరేషన్ అతి తక్కువగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు 20 శాతం దాకా ఉంటే, ఎక్కువగా చేసేచోట అవి 8 శాతం చిల్లర మాత్రమే. ఇలాంటి లెక్కలు చూశాక నెదర్లాండ్స్‌లో 2006లో ఏడాదికి కనీసం 10, 2011 నుంచి కనీసం 20 ఆపరేషన్లు చేయని ఆసుపత్రి ఈ పని మానుకోవాలని నియమం పెట్టారు. జర్మనీలో ఆ కనీస సంఖ్య 10గా ఉండేది. 2023 నుంచి దాన్ని 26 చేశారు. అయితే ఆ నియమం ప్రభుత్వ ఆరోగ్య బీమా వ్యవస్థలో ఉన్న ఆసుపత్రులకు పెట్టినది. పూర్తిగా సొంత డబ్బు రోగుల మీద నడిచే ప్రైవేట్ క్లినిక్‌ను ఆ ప్రశ్న మీ అబ్బాయే అడగాలి. ఇక్కడొక తిరకాసు కూడా ఉంది: జర్మనీలో వేల పడకల విశ్వవిద్యాలయ ఆసుపత్రినీ క్లినిక్ అనే అంటారు, ఇరవై గదుల ప్రైవేట్ భవనాన్నీ క్లినిక్ అనే అంటారు. పేరు చూసి పోల్చుకోలేం. బీమా వ్యవస్థలోని ఆసుపత్రులు ఏటా నాణ్యత నివేదిక ప్రచురించాలి. జర్మన్ చదవగల మీ అబ్బాయి అందులో ఈ ఆపరేషన్ సంఖ్యను అరగంటలో వెతకగలడు. హైడెల్‌బర్గ్, కొలోన్ వంటి విశ్వవిద్యాలయ ఆసుపత్రులకు విదేశీ రోగుల కోసం సొంత విభాగాలున్నాయి కనుక, నిజంగా జర్మనీయే వెళ్లాలనుకుంటే ఏజెంటు అవసరం లేకుండా నేరుగా వాటికే రాయవచ్చు.

క్లినిక్‌కు ఏం రాయాలో కూడా చెబుతాను. గత సంవత్సరం మీ దగ్గర ఎన్ని అన్నవాహిక ఆపరేషన్లు జరిగాయి, అందులో నాకు చేయబోయే సర్జన్ స్వయంగా చేసినవి ఎన్ని, ఎంతమందికి అతుకు లీకయింది, 90 రోజుల్లో ఎంతమంది మరణించారు, రాత్రివేళ వార్డులో ఏ డాక్టరు ఉంటారు, కీమో, రేడియేషన్, సర్జరీ డాక్టర్లు కలిసి కూర్చుని నా కేసు చర్చించి సంతకం చేసిన కాగితం ఇస్తారా, పంపించేశాక మూడు నెలల్లో ఇబ్బంది వస్తే నన్ను ఎవరు చూస్తారు. అంకెలు ఇవ్వకుండా సర్జన్ గారి ఫొటో, రోబో ఫొటో పంపిస్తే ఉత్తరప్రత్యుత్తరాలు అక్కడితో ఆపేయండి. మరో మాట, ఇవే ప్రశ్నలు హైదరాబాదు ఆసుపత్రిని కూడా అడగండి. పెద్ద డాక్టరు చిన్నబుచ్చుకుంటారేమోనన్న మొహమాటం వద్దు. నన్నయితే అడిగిన రోగులే తక్కువ. అడిగిన ప్రతిసారీ నేను రిజిస్టరు తెరిచి చూసి మరీ చెప్పాల్సి వచ్చింది, అది నాకూ మంచిదే అయింది.

డబ్బు విషయం. జర్మనీలో సొంత ఖర్చుతో వచ్చిన రోగికి ఆసుపత్రి బిల్లు ఒకటి, డాక్టర్ల బిల్లులు వేరు. డాక్టర్ల ఫీజుకు ప్రభుత్వ పట్టిక ఒకటుంది. ప్రతి పనికీ అందులో ఉన్న ధరను మామూలుగా 2.3 రెట్ల వరకు, కారణం చూపిస్తే 3.5 రెట్ల వరకు పెంచి వేయవచ్చు. సర్జను, మత్తు డాక్టరు, స్కాన్ చూసినవారు, ముక్క పరీక్ష చేసినవారు ఎవరికి వారు విడిగా బిల్లు పంపవచ్చు. ముందుగా ఇచ్చే అంచనా అంతా సాఫీగా జరిగితే అయ్యే ఖర్చు. పైన చెప్పిన లీకు వచ్చి నెలరోజులు ఐసీయూలో ఉండాల్సి వస్తే ఆ అంచనా ఎన్ని రెట్లవుతుందో రాతపూర్వకంగా అడగండి. మీ అబ్బాయికి అక్కడున్న ప్రభుత్వ ఆరోగ్య బీమా తల్లిదండ్రులకు వర్తించదు. వీసా కోసం కొనే ప్రయాణ బీమా హఠాత్తుగా వచ్చిన జబ్బులకే గానీ, చేయించుకోవడానికే వెళ్లిన చికిత్సకు పనికిరాదు. ఆరోగ్యశ్రీ అక్కడికి రాదని వేరే చెప్పనక్కర్లేదు. పొలం అమ్మిన డబ్బు సాఫీగా జరిగిన ఆపరేషన్‌కు మాత్రమే సరిపోయేలా ఉంటే, ఆ లెక్కతో విమానం ఎక్కవద్దు.

కొందరు కీమో, రేడియేషన్ ఇక్కడ తీసుకుని ఆపరేషన్‌కు మాత్రం విదేశం వెళ్తారు. అది కుదరని పని కాదు. కానీ రేడియేషన్ మొదలుకాకముందే అక్కడి సర్జన్ ఈ పథకానికి ఒప్పుకుని ఉండాలి. రేడియేషన్ ముగిసిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆపరేషన్ తేదీ, దానికి ముందే మళ్లీ స్కాన్, వీసా అన్నీ అమరాలి. వీసా ఆలస్యమై ఆ గడువు దాటిపోతే నష్టపోయేది మీరే. ఇంకో సంగతి: ముందు చికిత్సతో గడ్డ పూర్తిగా కరిగిపోయినట్టు పరీక్షల్లో కనిపించిన వారిని వెంటనే కోయకుండా, కొన్ని నెలలకోసారి ఎండోస్కోపీ, స్కాన్‌లు చేస్తూ కనిపెట్టి చూసే పద్ధతిపై నెదర్లాండ్స్ వారు ‘సానో’ అనే అధ్యయనం చేశారు. రెండేళ్ల నాటికి వారి ఆయుష్షు వెంటనే ఆపరేషన్ చేయించుకున్న వారికన్నా తక్కువ కాలేదు. ఇది అందరికీ కాదు, ఇంకా ఎక్కువకాలం చూడాల్సిన సంగతే. కానీ ఆ అవకాశం మీకు వచ్చినా, ఏళ్ల తరబడి పరీక్షలకు వెళ్లగలిగేంత దగ్గరలో డాక్టరు ఉండాలి.

నా అభిప్రాయం అడిగారు కనుక సూటిగా చెబుతున్నాను: వచ్చే వారంలో హైదరాబాదులోనే చికిత్స మొదలుపెట్టండి. నగరంలో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, బసవతారకం ఆసుపత్రి ఉన్నాయి. ఇవి కాక పెద్ద ప్రైవేట్ ఆసుపత్రులూ ఉన్నాయి. విశాఖపట్నంలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, ముంబయిలో టాటా మెమోరియల్ ఉన్నాయి. రెండో అభిప్రాయం కావాలంటే టాటా మెమోరియల్ డాక్టర్లు, దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ డాక్టర్లు ‘నవ్య’ అనే ఆన్‌లైన్ సేవ ద్వారా రిపోర్టులు చూసి రాతపూర్వకంగా ఇస్తారు. ఆ పని మీ అబ్బాయి జర్మనీలో కూర్చునే చేయవచ్చు.

ఈలోగా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది, అది మీ బరువు. తొమ్మిది కిలోలు పోయిన ఒంటికి ఈ చికిత్స మోయలేని బరువవుతుంది. ద్రవాలు కూడా సరిగ్గా దిగకపోతే చిన్నపేగులోకి సన్నని గొట్టం అమర్చి, దాని ద్వారా ఆహారం పంపే ఏర్పాటు గురించి అడగండి. నయం చేయదగ్గ దశలో ఉన్నవారికి తొందరపడి లోహపు స్టెంట్ (దారి తెరిచి ఉంచే జాలీ గొట్టం) వేయించవద్దు; తర్వాత ఆపరేషన్‌కు అది అడ్డొస్తుంది. చుట్టయినా బీడీ అయినా అలవాటుంటే ఈ ఉత్తరం చదివిన రోజే మానేయండి. మూడు రంగుల బంతులుండే ప్లాస్టిక్ ఊపిరి పరికరం మందుల షాపులో దొరుకుతుంది. గంటకోసారి పదిసార్లు గాలి లోపలికి పీల్చి బంతులను పైకి లేపండి. ఊదడం కాదు, పీల్చడం. నా రోగుల్లో సగం మంది మొదట తిరగేసి ఊదుతారు. మూడో బంతి పైకి లేచి రెండు క్షణాలు నిలబడేదాకా సాధన చేయండి.

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. మా దగ్గర ఆరు నెలలు ఉండి వెళ్దామని న్యూజెర్సీ వచ్చింది. ఇక్కడే మింగడం కష్టమై పరీక్షలు చేయిస్తే, అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోట అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అన్నారు. దూరానికి పాకలేదట. ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు బాధ్యత లేదంటున్నారు. ప్రపంచంలోనే పేరున్న ఆసుపత్రులు పక్కనే ఉన్నప్పుడు అమ్మను వెనక్కి పంపడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు? – ఒక కూతురు, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, మీ బాధ అర్థమైంది. సందర్శకుల కోసం అమ్మే పాలసీల్లో చాలావరకు అంతకుముందే ఒంట్లో ఉన్న జబ్బులను మినహాయిస్తాయి. నెలల తరబడి పెరిగిన గడ్డను వారు ఆ కోవలోకే నెడతారు. తిరస్కరణను రాతపూర్వకంగా తీసుకుని ఒకసారి అప్పీలు చేయండి కానీ, దాని మీద ఆశపెట్టుకుని వారాలు గడపవద్దు. గ్రీన్ కార్డు తెప్పిస్తే మెడికేర్ (అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా) వస్తుందని ఎవరైనా చెబితే, కొత్తగా వచ్చిన పెద్దలు అక్కడ వరసగా ఐదేళ్లు నివసించాకే దాన్ని కొనుక్కోగలరని గుర్తుంచుకోండి.

మీ అమ్మగారి రకానికి చికిత్స మాస్టారి దానికన్నా వేరుగా ఉంటుంది. జర్మనీలో జరిగిన ‘ఎసోపెక్’ అధ్యయనం ఈ అడినోకార్సినోమాలో రెండు దారులను పోల్చింది. ‘ఫ్లాట్’ అనే నాలుగు మందుల కీమోను ఆపరేషన్‌కు ముందు నాలుగుసార్లు, తర్వాత నాలుగుసార్లు ఇచ్చినవారిలో సగం మంది 66 నెలలకు మించి బతకగా, ముందుగా కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చినవారిలో అది 37 నెలలు. ఫ్లాట్ రెండు వారాలకోసారి ఇస్తారు. అంటే ముందు రెండు నెలలు, ఆపరేషన్, కోలుకోవడం, మళ్లీ రెండు నెలలు. అన్నీ కలిపి అర్ధ సంవత్సరం పైమాట. వీసా గడువు, పొడిగింపు దరఖాస్తు, ఖర్చు అన్నీ ఈ మొత్తం కాలానికి లెక్క వేయాలి, ఆపరేషన్ జరిగే ఒక్క రోజుకు కాదు.

అక్కడే చేయించగల స్తోమత ఉంటే, పక్కనున్న ఊరి ఆసుపత్రిలో కాకుండా ఈ ఆపరేషన్లు విరివిగా చేసే న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వంటి కేంద్రంలో చూపించండి. సొంత డబ్బుతో చేయించుకునే వారికి ముందుగా రాతపూర్వకమైన అంచనా ఇవ్వాలని 2022 నుంచి అక్కడ చట్టం ఉంది. అసలు బిల్లు ఆ అంచనా కన్నా 400 డాలర్లు లేదా అంతకుమించి పెరిగితే, బిల్లు వచ్చిన 120 రోజుల్లోగా అభ్యంతరం పెట్టవచ్చు. అయితే ప్రతి డాక్టరు అంచనానూ విడిగా అడిగి తీసుకోవాలి. స్తోమత లేకపోతే మాత్రం, ద్రవాహారం దిగుతున్న ఈ దశలోనే అమ్మగారిని విమానం ఎక్కించండి. ఫ్లాట్ కీమో హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఇస్తున్నారు, ఆపరేషన్ చేసే కేంద్రాన్ని పైన చెప్పిన ప్రశ్నలతో ఎంచుకోవచ్చు. వచ్చేటప్పుడు స్కాన్‌ల సీడీలు, ఎండోస్కోపీ ఫొటోలు మాత్రమే తెస్తే చాలదు. ముక్క పరీక్ష చేసిన ల్యాబులో ఆ ముక్కను భద్రపరచిన మైనపు దిమ్మ, గాజు పలకలు అడిగి తెచ్చుకోండి. మన దగ్గర ఇంకేదైనా పరీక్ష చేయాల్సి వస్తే మళ్లీ ఎండోస్కోపీ అక్కర్లేకుండా ఆ దిమ్మ నుంచే చేస్తారు. ఇంట్లో ఎవరు ఎక్కువ రోజులు సెలవు తీసుకుని అమ్మ పక్కన ఉండగలరన్నది కూడా మీరంతా కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి.

ప్రశ్న: మా మామగారికి ఇదే ఆపరేషన్ విదేశంలో చేయించాలని నిర్ణయించాం. డబ్బు పంపడానికి పరిమితి ఏదైనా ఉందా? ఏజెంటు తన ఖాతాకు పంపమంటున్నాడు. – గుంటూరు

జవాబు: ఏజెంటు ఖాతాకు పంపవద్దు. ఆసుపత్రి పేరుతో ఉన్న ఖాతాకే, వారి అంచనా పత్రం మీద ఉన్న నంబరు రాసి, బ్యాంకు ద్వారా పంపండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం భారతదేశంలో నివసించే ప్రతి వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. చికిత్సకు అంతకుమించి కావాలంటే ఇక్కడి డాక్టరు లేదా అక్కడి ఆసుపత్రి ఇచ్చిన అంచనాను చూపించి పంపవచ్చు. తోడు వెళ్లేవారి ఖర్చులకు కూడా విడిగా వెసులుబాటు ఉంది. పాన్ కార్డు తప్పనిసరి. పంపే మొత్తం పన్ను నిబంధనల్లో ఉన్న వేరే పరిమితి దాటితే బ్యాంకు మూలం దగ్గర కొంత పన్ను వసూలు చేస్తుంది. అది ఖర్చు కాదు, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ ఆ డబ్బు కూడా ఆ రోజు చేతిలో ఉండాలి కనుక ముందే లెక్కలో వేసుకోండి. ఆపరేషన్ కాకపోతే లేదా రద్దయితే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో ఎంత తిరిగిస్తారన్నది కట్టకముందే రాయించుకోండి.

ప్రశ్న: మా బావగారికి నాలుగు నెలల కిందట సింగపూర్‌లో అన్నవాహిక ఆపరేషన్ అయింది. మూడో వారంలోనే రాజమండ్రి వచ్చేశాం. మొదట బాగానే తిన్నారు. ఇప్పుడు ఇడ్లీ కూడా మళ్లీ గొంతు కింద ఆగుతోంది. మొన్న ఇంట్లో పాయసం తాగిన అరగంటకు చెమటలు పట్టి, గుండె దడదడలాడి, విరేచనమైంది. ఇక్కడి డాక్టరు గారు ‘మాకు తెలియదు, చేసినచోటికే వెళ్లండి’ అన్నారు. జబ్బు తిరగబెట్టిందా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, కంగారు పడకండి. మీరు రాసినవి రెండు వేర్వేరు సంగతులు. మొదటిది, అతుకు వేసినచోట మచ్చకట్టి దారి ఇరుకై ఉంటుంది. ఆపరేషన్ అయిన మొదటి ఆరు నెలల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఎండోస్కోపీలో బెలూన్ పంపి మెల్లగా వెడల్పు చేస్తారు. ఒక్కసారితో కాకపోవచ్చు, రెండు మూడు వారాల తేడాతో మూడు నాలుగుసార్లు చేయాల్సి రావచ్చు. దానికి సింగపూర్ వెళ్లనక్కర్లేదు. విశాఖలోనో, కాకినాడలోనో అనుభవమున్న గ్యాస్ట్రోఎంటరాలజిస్టు చేయగలరు. అనుమానంగా ఉంటే అప్పుడే చిన్న ముక్క కూడా తీసి పరీక్షిస్తారు. జబ్బు తిరగబెట్టిందా లేదా అన్నది అలా తేలాల్సిందే తప్ప ఊహించుకుని భయపడేది కాదు. అన్నట్టు, మూడో వారంలోనే అంతదూరం ప్రయాణం చేయించడం నాకు నచ్చలేదు. ఛాతీ ఆపరేషన్ అయినవారు ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని ఎక్స్‌రేలో చూసుకుని, అతుకు ప్రమాదం దాటాక, నా లెక్కన ఆరు వారాలైనా ఆగి బయలుదేరడం మేలు.

రెండోది పాయసం సంగతి. ఇప్పుడు బావగారికి జీర్ణాశయం సంచిలా లేదు, గొట్టంలా ఉంది. తీపి ద్రవం అందులో ఆగకుండా ఒక్కసారిగా పేగులోకి జారిపోతే ఇలాగే చెమటలు, దడ, విరేచనం వస్తాయి. పండగపూట పెట్టకుండా ఉండలేకపోతే, పాయసం బదులు చిటికెడు చక్కెరతో పెరుగన్నం పెట్టండి. మూడుపూటల భోజనం అన్న మాట మరిచిపోయి, రెండు రెండున్నర గంటలకోసారి అర కప్పు చొప్పున రోజుకు ఆరేడుసార్లు పెట్టండి. పప్పు, గుడ్డు, మెత్తటి చేప, పనీరు వంటివి ముందు, అన్నం తర్వాత. తింటూ నీళ్లు తాగవద్దు, అరగంట ఆగి తాగాలి. రాత్రి ఆఖరి ముద్దకూ పడకకూ మూడు గంటల ఎడం ఉండాలి. తలకింద దిండ్లు పేర్చితే నడుం దగ్గర వంగిపోతారు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి మంచాన్నే ఎత్తండి. వెల్లకిలా చదునుగా పడుకుంటే పసరు పైకెక్కి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రాత్రిపూట దగ్గుకు సగం కారణం అదే. ఏడాదికోసారి విటమిన్ బి12, ఇనుము పరీక్షలు చేయించండి.

ఇక డాక్టరు గారు వెనక్కి పంపడం గురించి. లోపల ఏ పద్ధతిలో ఆపరేషన్ జరిగిందో, అతుకు మెడలో ఉందో ఛాతీలో ఉందో, ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉందో తెలియకుండా ఎండోస్కోపీ చేయడానికి జంకితే ఆయన తప్పు లేదు. బహుశా మీ దగ్గరున్నది రెండు పేజీల డిశ్చార్జి కాగితం. ఆ ఆసుపత్రి రికార్డుల విభాగానికి ఈరోజే మెయిల్ పెట్టి, ఆపరేషన్ నోట్స్, ముక్క పరీక్ష పూర్తి నివేదిక, చివరి ఎండోస్కోపీ లేదా ఎక్స్‌రే ఫొటోలు తెప్పించండి. సంతకం బావగారిదే ఉండాలి, పాస్‌పోర్టు నకలు అడుగుతారు. అవి చేతికందాక విశాఖలో చూపించడానికి తేదీ తీసుకోండి. ఈలోగా నీళ్లు కూడా దిగకపోతే కాగితాల కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రిలో చేర్చండి.